వెంటపడాలా, ఆగాలా?

గ్లాస్గో. 1960 మే 18, బుధవారం సాయంత్రం. హాంప్డెన్ పార్క్ పచ్చికలోకి అడుగుపెట్టగానే హోరు వచ్చి నీ ఛాతీకి తగులుతుంది. 1,27,000 మందికి పైనే ఉన్నారు. నువ్వు ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ డిఫెండర్‌వి. ఆడబోయేది యూరోపియన్ కప్ ఫైనల్. ఇప్పుడు ఛాంపియన్స్ లీగ్ అంటున్నారే, దాని పాత పేరు.

ఈ జనానికి నువ్వంటే భయంతో కూడిన గౌరవం. సెమీఫైనల్లో వీళ్ల ఊరి జట్టు రేంజర్స్‌ని మీ ఊళ్లో 6-1తో, మళ్లీ ఈ ఊరికే వచ్చి 6-3తో చిత్తు చేసి వెళ్లారు మరి.

ఇప్పుడు అటు చూడు. తెల్ల చొక్కాలు. రియల్ మాడ్రిడ్. ఈ కప్పు పుట్టాక ఇప్పటికి నాలుగుసార్లు ఇచ్చారు, నాలుగూ వాళ్లే పట్టుకుపోయారు.

ఆ బొద్దుగా ఉన్నాయన ఫెరెంక్ పుష్కాష్. 1956లో హంగేరీ తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు తొక్కేసినప్పుడు తన జట్టుతో పరాయి దేశంలో ఉన్నాడు, ఇక ఇంటికి వెళ్లలేదు. నిషేధం పడింది. ఆట ఆగింది, ఒళ్లు వచ్చింది. 31 ఏళ్ల వయసులో మాడ్రిడ్ తీసుకుంది. మీవాళ్లకు ఇతని మీద కోపం కూడా ఉంది. 1954 ప్రపంచకప్ గెలిచిన జర్మన్లు ఉత్ప్రేరక మందులు వాడారన్నాడు. క్షమాపణ రాసిస్తే తప్ప ఇతనున్న జట్టుతో ఆడేది లేదని మీ ఫుట్‌బాల్ సంఘం భీష్మించింది. రాసిచ్చాడు. అందుకే ఇవాళ నీ ఎదురుగా నిలబడ్డాడు. ఆ పొట్టను చూసి మోసపోకు.

పక్కన జుట్టు పలచబడ్డవాడు అల్ఫ్రెడో డి స్టెఫానో. బ్యూనస్ ఐరిస్ మనిషి. ఇద్దరికీ 33 ఏళ్లు.

రెఫరీ ఈల వేశాడు.

మొదట్లో ఆట మీదే. మీ మైయర్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి పోతుంది. 18వ నిమిషంలో కుడివైపు నుంచి స్టైన్ క్రాస్ వేస్తాడు, 35 ఏళ్ల క్రెస్ దాన్ని నేల తాకకుండానే తన్నేస్తాడు. గోల్! 1-0. నువ్వు గాల్లోకి ఎగురుతున్నావు. స్టేడియం నీతో పాటే ఎగురుతోంది.

ఆ సంబరంలో చూసుకోలేదు గానీ, డి స్టెఫానో ఎక్కడ?

అదుగో. తన గోల్‌పోస్ట్ దగ్గర! సెంటర్ ఫార్వర్డ్ అన్నవాడు నీ గోల్ ముందు కాచుకుని ఉండాలి కదా. ఇతను సొంత డిఫెండర్ల కాళ్ల దగ్గరికి వెళ్లి బంతి అడుగుతున్నాడు. అందుకున్నాడు, ఒకరికిచ్చాడు, చెయ్యి చాపి ఇంకొకరిని ముందుకు తోలాడు, తనే మళ్లీ వెళ్లి అందుకున్నాడు. పెళ్లివారింట పెద్దకొడుకులా అన్నిచోట్లా అతనే.

ఏం చేస్తావు? నీకు నేర్పింది ఒక్కటే: నీ మనిషిని వదలకు. సరే, వెంట వెళ్లావనుకో. నీ వెనక ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి రావడానికి ఎడమవైపు హెంటో సిద్ధంగా ఉన్నాడు. అతని పరుగు ఎంతటిదో యూరప్ అంతటికీ తెలుసు. వెళ్లకపోతే? డి స్టెఫానో తలెత్తి మైదానమంతా తీరిగ్గా చూసుకుంటాడు.

నువ్వు నాలుగడుగులు వేసి ఆగిపోతావు. అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం అదే.

27వ నిమిషం. వాళ్ల కనారియో కుడివైపు దూసుకొచ్చి బంతి లోపలికి పంపుతాడు. ఇప్పటిదాకా అవతల ఉన్న డి స్టెఫానో ఇప్పుడు నీ గోల్ ముందున్నాడు. ఎప్పుడొచ్చాడు? 1-1. మూడు నిమిషాలకు కనారియో కొట్టిన బంతి మీ గోల్‌కీపర్ లోయ్ చేతుల్లోంచి జారుతుంది. అక్కడా అతనే. 1-2.

హాఫ్‌టైమ్‌కి క్షణాల ముందు పుష్కాష్ ఎడమ మూలకు దగ్గరగా బంతితో ఉన్నాడు. అక్కడినుంచి గోల్‌కి దారే కనిపించదు. లోయ్‌కీ కనిపించలేదు. ఎడమకాలు ఊగింది. బంతి వెళ్లి వల పైకప్పుకి తగిలింది. 1-3.

రెండో సగం. నీ కాళ్లు బరువెక్కాయి. నీ బదులు దిగేవాడు లేడు. 1960లో ఇంకా సబ్‌స్టిట్యూట్లు ఉండరు. దిగినవాళ్లే చివరిదాకా ఆడాలి.

56వ నిమిషం. పెనాల్టీ. మీవాళ్లు రెఫరీ చుట్టూ మూగారు. లాభం లేదు. పుష్కాష్. 1-4.

హెంటో వచ్చేశాడు. పరిగెత్తు. అందడు. క్రాస్. పుష్కాష్ తల. 1-5.

71వ నిమిషం. పుష్కాష్ వీపు నీ గోల్‌వైపే ఉంది. బంతి కాలి దగ్గరుంది. తిరిగాడు. కొట్టాడు. 1-6.

మరుసటి నిమిషమే స్టైన్ ఒకటి కొడతాడు. 2-6. ఊపిరి పీల్చుకో. ఇప్పుడైనా...

వద్దు. చూడు. సెంటర్ నుంచి ఆట మొదలైంది. బంతి డి స్టెఫానో దగ్గరే ఉంది. ఇచ్చాడు. తీసుకున్నాడు. వస్తున్నాడు. ఎదురెళ్లాలా? వెనక్కి తగ్గాలా? తగ్గావు. ఇంకా వస్తున్నాడు. ఇంకా. పెనాల్టీ బాక్స్ అంచు. నేలబారు దెబ్బ.

2-7.

స్టైన్ మళ్లీ ఒకటి కొట్టి 3-7 చేస్తాడు గానీ, ఆ తర్వాత నిమిషాలు ఎవరికీ పెద్దగా గుర్తుండవు. ఈల మోగాక కూడా జనం కదలరు. ఓడిపోయింది తమ జట్టు కాదు, గెలిచిందీ తమ జట్టు కాదు. అయినా చప్పట్లు ఆగవు. ఆ గుంపులో 18 ఏళ్ల కుర్రాడు అలెక్స్ ఫెర్గూసన్ కూడా ఉన్నాడు. ఈ మైదానానికి అప్పటి సొంతదారైన క్వీన్స్ పార్క్ జట్టు ఆటగాడు.

నాలుగు గోల్స్ పుష్కాష్‌వి, మూడు డి స్టెఫానోవి. ఈ కప్పు ఫైనల్లో ఒక్కడే నాలుగు కొట్టడం ఆ తర్వాత ఎవరి వల్లా కాలేదు. డి స్టెఫానోకేమో ఇది గోల్ కొట్టిన ఐదో ఫైనల్, వరసగా ఐదో ఏడు. ఇద్దరిలో ఎవరు గొప్పని పత్రికలవాళ్లు అడిగితే నాలుగు కొట్టినాయన పేరే చెప్పాలి, లెక్క ప్రకారం. కానీ రాత్రంతా నీ కాళ్లు లాగేది రెండో ఆయన వల్లే. అతని మూడు గోల్స్ ఒక ఎత్తు. మిగతా నాలుగింటికీ చోటు దొరికేలా నిన్ను మైదానమంతా తిప్పడం ఒక ఎత్తు.