నునుపు తెచ్చిన చిక్కు

నునుపైన తలాల మధ్య ఘర్షణ తక్కువని మీరు చదువుకున్నారు. హార్డ్ డిస్కు దగ్గర ఆ మాట నిలవదు. అద్దంలాంటి డిస్కుకూ, దానిమీద ఆనే హెడ్‌కూ నడుమ పలుచని ద్రవపు పొర చేరితే రెండూ అతుక్కుపోతాయి. మోటారు తిరగదు, దాచుకున్న సమాచారం చేతికి రాదు. అందుకే ఒకప్పుడు హెడ్ ఆనే చోట కావాలనే సన్నని గరుకు పెట్టేవారు.

పిలానీలో 1970లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పొంది అమెరికా వెళ్లిన భరత్ భూషణ్, ఐబీఎంలో ఇలాంటి సమస్యల మీదే పనిచేశారు. 1991లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాక, అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు సూదిమొనతో నానోమీటర్ల స్థాయిలో ఘర్షణను కొలిచారు. నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు!

తరువాత ఆయన దృష్టి తామరాకు మీద పడింది. అక్కడ నీటిబొట్టు జారిపోయేది నునుపు వల్ల కాదు, మైనం పూతతో ఉన్న సూక్ష్మమైన బొడిపెల వల్ల.