విత్తనం ఎంచిన చేతులు

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి గోదావరిని రెండుసార్లు దాటుతుంది. జొన్నాడ వైపు గౌతమి పాయ, సిద్ధాంతం వైపు వశిష్ఠ పాయ. ఈ రెండింటి మధ్య ఉన్న నేలే కోనసీమ. అక్కడి కాలువల్లో పారే నీళ్లు మన కొండల అంచున వచ్చిన నీళ్లే. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు పాపికొండల మధ్య నుంచి ధవళేశ్వరం చేరి, అక్కడి నుంచి పాయలుగా, కాలువలుగా విడిపోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ముందు మన ఏజెన్సీ ఊళ్లు మునిగాయి, తర్వాత కోనసీమ లంకలు మునిగాయి. నీటి విషయంలో పైవాళ్లం, కిందివాళ్లం ఒకే తాడుకు కట్టి ఉన్నాం. విత్తనం విషయంలోనూ అంతే. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

డెల్టాలో వరికి రెండు కాలాలు: సార్వా, దాళ్వా. తొలకరికి నారు పోసి వానాకాలంలో పండించేది సార్వా. సార్వా కోశాక శీతాకాలంలో ఊడ్చి వేసవి మొదట్లో కోసేది దాళ్వా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి రైతు లెక్క మారింది. అంతకు ముందు వాన ఎప్పుడు పడుతుందా అని ఆకాశం చూసేవాడు. ఆ తర్వాత కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని కూడా చూడాల్సి వచ్చింది. ఏ విత్తనం వేయాలనేది నీటి తేదీతో ముడిపడింది.

1925లో వశిష్ఠకు అవతల మారుటేరులో వరి పరిశోధన కేంద్రం మొదలైంది. ఎం.టి.యు. అని మొదలయ్యే వరి రకాలన్నీ అక్కడివే. 1967లో దానికి దగ్గర్లోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐ.ఆర్.8 అనే పొట్టి రకాన్ని పండించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. పొట్టి రకాలు ఎరువు వేసినా పడిపోవు, త్వరగా కోతకు వస్తాయి. వాటితోనే దాళ్వా సాగు విస్తరించింది. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో హరిత విప్లవం పేరుతో ఉంటుంది.

పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించని కథ ఇంకొకటి ఉంది. అదే కాలంలో మలేషియా నుంచి మసూరి అనే రకం మన దేశానికి వచ్చింది. పరీక్షల్లో మొక్క పడిపోతోందని శాస్త్రవేత్తలు దాన్ని పక్కన పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశోధన క్షేత్రంలో పనిచేసే ఒక వ్యవసాయ కూలీ ఆ గింజలు కొన్ని తన ఊరికి తీసుకెళ్లి వేశాడు. అన్నం బాగుంది, దిగుబడి బాగుంది. చేతి నుంచి చేతికి, ఊరి నుంచి ఊరికి ఆ విత్తనం పాకింది. కొన్నేళ్లకే దేశంలో ఎక్కువ విస్తీర్ణంలో పండే రకాల్లో ఒకటైంది. ఈ సంగతి వ్యవసాయ పరిశోధన వ్యాసాల్లోకి ఎక్కింది. ఆ కూలీ పేరు మాత్రం ఎక్కలేదు.

తర్వాత మారుటేరు శాస్త్రవేత్తలు వశిష్ఠ అనే రకాన్ని ఈ మసూరితో సంకరపరిచారు. అలా పుట్టి 1982లో విడుదలైందే స్వర్ణ, ఎం.టి.యు. 7029. ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్, నేపాల్ దాకా పోయింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరిలోనూ ఆ మసూరి రక్తమే ఉంది. ఈనాడు మనం సన్నబియ్యం అని తినే అన్నం వెనుక, పనికిరాదన్న గింజను గుర్తుపట్టిన ఒక కూలీ కన్ను ఉంది.

ఇక వచ్చే కారుకు రైతు వేసే లెక్క చూద్దాం. స్వర్ణ సుమారు 150 రోజుల పంట. జూన్ 15న నారు పోస్తే నవంబర్ రెండో వారానికి కోతకు వస్తుంది. కాలువ నీళ్లు నెల ఆలస్యమైతే కోత డిసెంబర్ మధ్యకు జరుగుతుంది. ఆ నెలంతా పంట తుపానుకు ఎదురుగా నిలబడి ఉంటుంది. 1996 నవంబర్ 6న కోనసీమ మీద విరుచుకుపడ్డ తుపాను కొబ్బరితో పాటు చేతికొచ్చిన వరినీ నేలపాలు చేసింది. సార్వా ఆలస్యమైతే దాళ్వా కూడా వెనక్కి పోతుంది, కాలువలు కట్టేసే నాటికి చేను ఇంకా పాలు పోసుకుంటూ ఉంటుంది. కాబట్టి నీళ్లు ఆలస్యమైన ఏడు 120 రోజుల ఎం.టి.యు. 1010 లాంటి రకం వైపు చూడాలి. అయితే పొట్టి రకం లోతు పల్లంలో నిలవదు. మెరకకు ఒకటి, పల్లానికి ఒకటి, ముంపు చేనుకు మరొకటి. ఒకే ఊళ్లో ఒకే రకం వేస్తే ఒకే రాత్రిలో ఊరంతా నష్టపోవచ్చు.

ముంపు చేనుకు దొరికిన జవాబు కూడా రైతుల గాదె నుంచే వచ్చింది. ఒడిశాలో ధలపుటియా అనే పాత నాటు వరి ఉండేది. వరదలో మునిగినా చావని ఆ రకాన్ని అక్కడి రైతులు తరతరాలుగా దాచుకున్నారు. దాని నుంచి తీసిన ఎఫ్.ఆర్.13ఎ రకంలో సబ్1 అనే జన్యువు ఉందని గుర్తించి, దాన్ని మన స్వర్ణలోకి ఎక్కించారు. 2009లో స్వర్ణ సబ్1 విడుదలైంది. ఇది సుమారు రెండు వారాలు నీళ్లలో మునిగినా మళ్లీ చిగురిస్తుంది. దిగుబడి తక్కువని ఆ నాటు వరిని ఒడిశా రైతులు వదిలేసి ఉంటే, ఈ విత్తనం పుట్టేది కాదు.

మంచి విత్తనం ఉన్నంత మాత్రాన అన్నీ కుదరవు. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాలు నాటకుండా వదిలేశారు. పంట విరామం, క్రాప్ హాలిడే అన్నారు. పెట్టుబడి రావడం లేదు, ధర లేదు, మురుగు కాలువలు పూడిపోయాయి అన్నది వారి బాధ. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. 2022లో మళ్లీ అదే మాట వినిపించింది. భూమి ఉన్నవాడికి అది నిరసన. ఊడుపులకు, కోతలకు పోయే కూలీ కుటుంబానికి అది పస్తు. ఒక కారు నాటకపోతే సొంత విత్తనం కూడా పాతబడి మొలక తగ్గుతుంది. మరుసటి ఏడు కొనుక్కోవాల్సిందే. ఏం నాటాలో తేల్చే చోట కూలీ మాట కూడా ఉండాలని ఆ ఏడు నేర్పింది.

మన కొండల్లో ఈ లెక్క వేరుగా సాగింది. పోడు చేనులో జొన్న, సామ, కొర్ర, సోళ్లు, కంది, అనుములు కలిపి చల్లారు మన పెద్దలు. వాన ముందే ఆగితే సామ మిగులుతుంది, ఆలస్యమైతే కంది నిలబడుతుంది. ఒకదాని వెంట ఒకటి కోతకు వస్తాయి కాబట్టి ఇంట్లో గింజ నిండుకోదు. మంచి కంకులు ఎంచేది ఎక్కువగా ఆడవాళ్లే. సొరబుర్రల్లో బూడిద కలిపి, పొయ్యి పొగ తగిలేలా అటక మీద పెడతారు. భూమి పండుగ నాడు విత్తనాలను దేవత ముందు పెట్టి, ఆ తర్వాతే చేనుకు తీసుకెళ్తారు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవారున్నారు. ఊరంతా ఒకచోట కూడి, ఎవరి దగ్గర ఏ విత్తనం ఉంది, ఎవరికి లేదు అని చూసుకునే రోజు అది. వచ్చే కారు ప్రణాళిక అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఆ బుర్రలు ఖాళీ అవుతున్నాయి. పోలవరం కింద కొండ దిగిన కుటుంబాలకు మైదానంలో భూమి వచ్చినా, కొండ మీది విత్తనం ఆ నేలకు నప్పకపోవచ్చు. నప్పలేదని పారేస్తే మాత్రం మళ్లీ దొరకదు.

యువతకు, ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ వేసవిలో బడి పిల్లల చేత ఒక నోటు పుస్తకం మొదలుపెట్టించండి. ఊళ్లో ఉన్న ప్రతి విత్తనం పేరు, ఎన్ని రోజుల పంట, మెరకదా పల్లపుదా, ఎవరి ఇంట్లో ఉంది అని రాయించండి. నానమ్మలనూ అమ్మమ్మలనూ అడిగి రాయాలి. వంద గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి, మొలిచినవి లెక్కపెట్టించండి. వరిలో 80 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనాన్ని నమ్ముకోకూడదు. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. తరతరాల రకాన్ని రైతులు, సముదాయాలు తమ పేరున నమోదు చేయించుకోవచ్చు.

మసూరి గింజను మోసుకెళ్లిన కూలీ పేరు చరిత్రలో లేదు. మన ఊళ్లో విత్తనం దాచిన అవ్వ పేరైనా ఆ నోటు పుస్తకంలో ఉండాలి.