సెషన్ ఫిక్సేషన్: ఓటీపీ చెప్పకపోయినా అకౌంట్ ఎలా పోతుంది?

ములుగు జిల్లా ఏటూరునాగారం లాంటి ఊళ్లలో ఆన్‌లైన్ పనంటే ఇప్పటికీ చాలా కుటుంబాలకు నెట్ సెంటరే దిక్కు. షాదీ ముబారక్ దరఖాస్తు, పిల్లల స్కాలర్‌షిప్ రెన్యువల్, హజ్ ఫారం... అన్నీ ఒకే కంప్యూటర్ మీద, ఒకరి తర్వాత ఒకరు. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట ఇప్పుడు ఇంట్లో దాదీకి, నానీకి కూడా తెలుసు. కానీ ఓటీపీ, పాస్‌వర్డ్ రెండూ మన దగ్గరే ఉన్నా అకౌంట్ ఇంకొకరి చేతికి వెళ్లే దారి ఒకటుంది. దాని పేరే సెషన్ ఫిక్సేషన్.

సెషన్ అంటే ఏమిటి?

వెబ్‌సైట్ ప్రతి క్లిక్‌నూ కొత్త మనిషి వచ్చినట్టే చూస్తుంది. మనల్ని గుర్తుపట్టడానికి అది ఒక పొడవాటి నంబరు ఇచ్చి, కుకీ రూపంలో బ్రౌజర్‌లో దాస్తుంది. అదే సెషన్ ఐడీ. ఒకసారి లాగిన్ అయ్యాక ప్రతి పేజీలో పాస్‌వర్డ్ అడగకుండా, ఈ నంబరు చూసే సైట్ లోపలికి రానిస్తుంది. అంటే ఆ నంబరు ఎవరి దగ్గర ఉంటే, సైట్ లెక్కలో వాళ్లే మనం.

దొంగ ఏం చేస్తాడు?

మామూలు సెషన్ దొంగతనంలో మనం లాగిన్ అయ్యాక ఆ నంబరును కొట్టేస్తారు. ఫిక్సేషన్‌లో వరస తిరగబడుతుంది. దొంగ తాళం పగలగొట్టడు. మారుతాళం తన దగ్గర పెట్టుకుని, తాళంకప్పను ముందే మన చేతికి ఇస్తాడు. మనమే దానితో తలుపు వేసుకుంటాం.

ఇది ముఖ్యంగా రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, లింకు. దొంగ ముందుగా సైట్ నుంచి ఒక సెషన్ ఐడీ తీసుకుని, దాన్ని అడ్రసులోనే చేర్చి వాట్సాప్‌లోనో మెసేజ్‌లోనో పంపిస్తాడు. సైట్ అసలుదే, నకిలీ కాదు. మనం లాగిన్ అవుతాం, ఓటీపీ కొడతాం. ఆ క్షణం నుంచి అదే నంబరుతో అతనూ లోపల ఉంటాడు.

రెండోది, అందరూ వాడే కంప్యూటర్. ఒకడు లాగిన్ పేజీ తెరిచి, అందులోని సెషన్ ఐడీ రాసుకుని, పేజీ అలాగే వదిలి లేచిపోతాడు. తర్వాత కూర్చున్నవాళ్లు ఆ పేజీలోనే లాగిన్ అయితే అతని పని అయిపోయినట్టే.

తప్పు ఎక్కడుంది?

అసలు తప్పు సైట్ తయారీలో ఉంటుంది. లాగిన్‌కు ముందున్న నంబరునే లాగిన్ తర్వాత కూడా కొనసాగిస్తేనే ఈ దాడి పారుతుంది. స్లొవేనియాకు చెందిన ఆక్రోస్ సెక్యూరిటీ నిపుణుడు మిత్యా కోల్షెక్ 2002 డిసెంబరులో ఈ లోపానికి పేరు పెట్టి వివరంగా రాశారు. అయినా ఇది పూర్తిగా పోలేదు. ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన 10 ప్రధాన ముప్పుల జాబితాలో, లాగిన్ లోపాల విభాగంలో ఇది కూడా ఉంది.

మన పిల్లల్లో వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు గుర్తుంచుకోవాల్సిన మొదటి సూత్రం ఒక్కటే: లాగిన్ కాగానే పాత సెషన్ ఐడీని రద్దు చేసి కొత్తది ఇవ్వాలి. అడ్రసులో వచ్చే ఐడీని ఒప్పుకోకూడదు. పీహెచ్‌పీలో 2009 నాటి 5.3 వెర్షన్ నుంచి సెషన్ ఐడీని కుకీలోంచి మాత్రమే తీసుకోవడం మామూలు పద్ధతి అయింది. కానీ సైట్ తాను ఇవ్వని ఐడీని తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్‌ను మాత్రం డెవలపరే ఆన్ చేసుకోవాలి. లాగౌట్ నొక్కినప్పుడు సెషన్ సర్వర్‌లోనే చెరిగిపోవాలి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

ఏ సైట్‌లో ఈ లోపం ఉందో బయటినుంచి చూసి చెప్పలేం. కాబట్టి అలవాట్లే రక్ష.

బ్యాంకు, ప్రభుత్వ సైట్లను మెసేజ్‌లో వచ్చిన లింకుతో తెరవొద్దు, అడ్రసు స్వయంగా టైప్ చేయాలి. నెట్ సెంటర్‌లో ముందే తెరిచి ఉన్న పేజీలో లాగిన్ కావొద్దు. బ్రౌజర్ మొత్తం మూసేసి, ఇన్‌కాగ్నిటో విండో తెరిపించుకోవాలి. పని అయ్యాక ట్యాబ్ మూస్తే చాలదు, లాగౌట్ నొక్కాలి.

దీనికి దగ్గరి చుట్టం వాట్సాప్ క్యూఆర్ మోసం. ఎవరో చూపించిన కోడ్‌ను మన ఫోన్‌తో స్కాన్ చేస్తే, వాళ్ల కంప్యూటర్‌లో మన వాట్సాప్ తెరుచుకుంటుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అప్పుడప్పుడూ చూసి, తెలియనిది కనిపిస్తే వెంటనే తీసేయాలి.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. మరొకరి పాస్‌వర్డ్‌ను గానీ ప్రత్యేక గుర్తింపును గానీ మోసంతో వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. "ఓటీపీ నువ్వే చెప్పి ఉంటావు" అని ఇంట్లో అమ్మీనో చెల్లినో తిట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్లు నిజంగానే ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు.