తాత పేరు దాకా సరే, ఆ పైన?

నెల్లూరు తీరాన ఏ పల్లెకైనా వెళ్లి ఓ సాయిబును మీ అబ్బ పేరేంటని అడగండి, చెప్తాడు. దాదా పేరూ చెప్తాడు. ముత్తాత పేరు అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆగి, "మా దాదీ ఉంటే చెప్పేది" అంటాడు. అదే ఊళ్లో నాలుగు పెద్ద ఇళ్లకి వెళ్తే ఏడు తరాలు ఏకరువు పెట్టే మనిషి దొరుకుతాడు. వాళ్లకి గోత్రముంది, ఇంటిపేరుంది, తద్దినం రోజున మూడు తరాల్ని పేరుపేరునా పిలిచే తంతుంది. వంశావళి పాడే భట్రాజులు ఒకప్పుడు ఉండేవాళ్లు. మన ఇళ్లలో ఫాతెహా ఇచ్చేటప్పుడు తల్చుకునేది గుర్తున్న పేర్లనే. నాలుగో తరానికొచ్చేసరికి అంతా కలిసిపోయి 'మన పెద్దలు' అయిపోతారు.

ముస్లింలకి వంశవృక్షాలు లేవా అంటే ఉన్నాయి. షజరా అంటేనే చెట్టు. సయ్యదుల ఇళ్లలో, దర్గాల సజ్జాదాల ఇళ్లలో చుట్టలు చుట్టి దాచిన షజరాలున్నాయి. ఆ చెట్ల వేళ్లు ఎక్కడో అరేబియాలోనో, బుఖారాలోనో తేలతాయి. దూది ఏకిన దూదేకుల హుస్సేనుకి, తోళ్లు కొని అమ్ముకున్న లబ్బీకి, పడవ నడిపిన షేకుకి, ఇంటింటా అడుక్కుతిన్న ఫకీరుకి షజరా ఎవరు రాశారు? చరిత్ర లేకపోవడం వేరు, రాసిపెట్టే దిక్కు లేకపోవడం వేరు. మనకి జరిగింది రెండోది.

ఆ ఖాళీలోకి రెండు కథలొచ్చి కూర్చున్నాయి. ఒకటి మనవాళ్లే చెప్పుకునేది: "మా పెద్దలు అరబ్బు దేశం నించి వచ్చారు." రెండోది ఎదుటివాళ్లు చెప్పేది: "మీరు బయటినించి వచ్చినోళ్లు." జాగ్రత్తగా వింటే ఈ రెండూ ఒకే కథ. ఒకరు గొప్పకి చెప్పుకుంటున్నారు, ఇంకొకరు గెంటెయ్యడానికి వాడుతున్నారు. ఊరి లెక్కల్లో, సమాధుల మీద, దస్తావేజుల్లో మన తాతల్ని మనం వెతుక్కుంటే తప్ప ఈ కథ గట్టు తెగదు.

అలాగని సముద్రం మీంచి ఎవరూ రాలేదని కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడలు మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాక్కునే పద్ధతి ఇక ఉండదనీ, కట్టాల్సిన సుంకం కడితే చాలనీ పరదేశి వర్తకులకి మాటిచ్చాడు. మార్కోపోలో ముత్ఫిలి అన్నది ఈ రేవునే. దక్షిణాన పులికాట్‌లో తమిళం మాట్లాడే మరక్కాయరు ఓడవర్తకులు వందల ఏళ్లు బతికారు. వాళ్ల తర్వాత డచ్చివాళ్లు అక్కడే కోట కట్టారు. దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషువాళ్లు దిగి, ఆ ఊరికి ఆర్మగావ్ అని పేరు పెట్టుకున్నారు. 18వ శతాబ్దిలో ఆర్కాటు నవాబు తమ్ముడు నజీబుల్లా నెల్లూరు కోటలో ఉండి పాలించాడు. ఆయన్ని లొంగదీయడానికి 1757లో కంపెనీ సైన్యం కోటను ముట్టడించి, పట్టుకోలేక వెనుదిరిగింది. 1801లో కర్ణాటక రాజ్యమంతా కంపెనీ చేతికి పోయింది.

కాబట్టి కొందరు ఓడ దిగారు. కొందరు గుర్రం దిగారు. కానీ ఓడా గుర్రమూ రెండూ ఎక్కనివాళ్లే ఎక్కువ. వాళ్లిక్కడే పుట్టి, ఏదో ఒక తరంలో ఒక పీరు చెయ్యి పట్టుకుని కలిమా చదివినవాళ్లు. తెలుగు ఇంటిపేర్లు ఇప్పటికీ వదలని దూదేకులవాళ్లు, హుస్సేనమ్మ, దస్తగిరమ్మ, మస్తానమ్మ అని అరబ్బు పేరుకి తెలుగు అమ్మను తగిలించుకున్న ఆడవాళ్లు దానికి సాక్ష్యం. శాసనం వేయించుకునే స్తోమత వాళ్లకి లేదు గానీ, పేరే శాసనమైంది.

పేర్ల సంగతి ఇంకాస్త చూడాలి. నెల్లూరు జిల్లాలో మస్తాన్ అన్న పేరు ఎక్కువ వినిపిస్తే కసుమూరు దర్గా దగ్గర్లోనే ఉందని అర్థం. నాయబ్ రసూల్, రహమతుల్లా అన్న పేర్లు వినిపిస్తే అనుమసముద్రంపేట దర్గాకి మొక్కుకున్న ఇల్లన్నమాట. బిడ్డలు నిలవక, మొక్కుకుని, పుట్టిన బిడ్డకి వలీ పేరు పెట్టుకునేవాళ్లు. మాల మాదిగ ఇళ్లలో, రెడ్ల ఇళ్లలో కూడా మస్తానయ్యలు ఉండడం ఇందువల్లే. ఇంటి చరిత్ర వెతికేవాడికి ఇదో ఆధారం. ఒక ఇంట్లో మూడు తరాలు మస్తాన్లుండి, అంతకు ముందు ఖాదర్లూ మీరాలూ ఉంటే, ఆ ఇల్లు ఎప్పుడో దక్షిణం నించి, నాగూరు దర్గా వైపు నించి, ఇటు జరిగి ఉండొచ్చు. ఇది రుజువు కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. రుజువు కాగితాల్లో వెతకాలి.

ఆ కాగితాలు మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఉన్నాయి. అన్నిటికన్నా విలువైనది ఇనాం రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ పెట్టి ఊరూరా మాన్యాల లెక్క తీసింది. మసీదు దీపానికి, పీర్ల పండక్కి, ఖాజీకి, ముల్లాకి, ఫకీరు తకియాకి ఇచ్చిన చెక్కలన్నీ అందులోకి ఎక్కాయి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, మొదట పుచ్చుకున్నదెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, వాళ్ల వయసెంత, మొదటి మనిషికి వీళ్లేమవుతారు, ఇవన్నీ గడులు గీసి రాశారు. ఎకరం మాన్యం ఉన్న ముల్లా అయినా సరే, రెండు మూడు తరాల పేర్లు అక్కడ దొరుకుతాయి. 1860లో అరవై ఏళ్ల ముసలాయన తన తాతకి నవాబు ఇచ్చాడని చెప్పుకుంటే, ఒక్క గడితో మనం 18వ శతాబ్దిలో అడుగుపెట్టినట్టే.

వీటిలో సంవత్సరాలు ఫసలీల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1270 ఫసలీ అంటే 1860-61. సమాధి రాళ్ల మీద మాత్రం హిజ్రీ ఉంటుంది. అది చాంద్రమానం కాబట్టి ఒకే అంకె కలిపితే కుదరదు, పట్టిక చూసుకోవాల్సిందే. 1275 హిజ్రీ 1858-59లో పడుతుంది. కరణం రాతలో షేకు మస్తాను సాహేబు, దస్తావేజులో మస్తాన్ సాయిబు, ఇంగ్లీషు కాగితంలో ఇంకో రకం స్పెల్లింగు. ఊళ్ల పేర్లూ అంతే, కృష్ణపట్నం ఇంగ్లీషు కాగితాల్లో కిష్టపటం అయింది. ముగ్గురు మస్తాన్లు ఒక్కడేనా, ముగ్గురా అని తేల్చేది తండ్రి పేరూ, సర్వే నంబరూ.

ఇనాం లేనివాళ్ల సంగతేంటి? కూలోళ్లకి మాన్యాలెక్కడివి? వాళ్లకోసం వేరే చోట్ల వెతకాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో అమ్మకం, తాకట్టు దస్తావేజులున్నాయి. 'ఫలానా వారి కుమారుడు, మహమ్మదీయుడు, వృత్తి వ్యవసాయము, కాపురము ఫలానా' అని ప్రతి దస్తావేజూ మొదలవుతుంది. అప్పు కోసం పూరిగుడిసె తాకట్టుపెట్టిన మనిషి కూడా తండ్రి పేరుతో సహా అక్కడ నమోదై ఉంటాడు. 1899 చట్టం కింద ఊళ్లలో జనన మరణాల లెక్క రాశారు. డైగ్లాట్లు, అడంగళ్లు భూమి సాగు చెప్తాయి. ఖాజీల నిఖా పుస్తకాల్లో పెళ్లికూతురి పేరు, ఆమె తండ్రి పేరు, మహర్ ఉంటాయి.

ఆడవాళ్ల పేర్లు దొరికేది చాలాసార్లు ఈ నిఖా పుస్తకంలోనే. షజరాల్లో చాలావాటికి వాళ్లు పట్టలేదు. భూమి లెక్కలు మగాడి పేరు మీద నడిచాయి. కానీ ఏ ఇంటి పిల్ల ఏ ఊరికి వెళ్లింది, ఏ కరువులో ఎవరు పుట్టింటికి తిరిగొచ్చారు, ఇదంతా దాదీ నానీలకే తెలుసు. పరిశోధన మొదలుపెట్టేవాడు మద్రాసు రైలెక్కే ముందు వంటింట్లో కూర్చోవాలి. కాగితం ఎక్కడికీ పోదు, ముసలమ్మ రేపుంటుందో లేదో.

మద్రాసు రైలు ఎందుకంటే, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన జిల్లా పై ఆఫీసులన్నీ అక్కడే. పాత రికార్డుల్లో చాలా భాగం ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంది. జిల్లా హద్దులూ మారాయి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరులో ఉండి గుంటూరు జిల్లాలోకి పోయింది. కందుకూరు, కనిగిరి 1970లో ఒంగోలు జిల్లాలోకి పోయాయి. 2022లో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది. తాత కదలకుండా ఒకే ఊళ్లో చచ్చిపోయినా ఆయన కాగితాలు నాలుగు ఊళ్లు తిరిగాయి.

అసలు కదిలిపోయిన తాతలూ ఉన్నారు. 1876-78 ధాత కరువులో ఈ జిల్లా ఎండిపోయింది. కూలి కోసం జనం బకింగ్‌హాం కాలువ తవ్వారు. అంతకు ముందే మద్రాసు రేవు నించి కూలి ఓడలు మొదలయ్యాయి. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మొదటి కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా 1,52,000 మందికి పైగా అట్లా నటాల్ వెళ్లారు. 1903 నించి మద్రాసు కూలీల్ని ఫిజీకి తీసుకెళ్లారు. తెల్లదొర వీళ్లని సరుకుల్లా లెక్కపెట్టాడు, అందుకే బాగా లెక్కపెట్టాడు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఒంటిమీద పుట్టుమచ్చ, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ రాశాడు. కులం గడిలో ముసల్మాను అని, జిల్లా గడిలో నెల్లూరు అని ఉన్న మనుషులు ఆ జాబితాల్లో ఉన్నారు.

ఇక్కడో విచిత్రం జరుగుతోంది. ఓడెక్కినవాడి మునిమనవడు డర్బన్‌లో ఉండి, తన ముత్తాత ఊరు, ఆయన తండ్రి పేరు కాగితం చూసి చెప్పగలడు. ఊళ్లోనే ఉండిపోయిన తమ్ముడి మునిమనవడికి ఆ పేరు తెలీదు. అయితే డర్బన్ మనవడికి ఆ ఊరి పేరు తెలుగులో ఎట్లా పలుకుతారో తెలీదు, అది విడవలూరో విద్యలూరో తేల్చుకోలేడు. ఇప్పుడు కంప్యూటర్ల పుణ్యాన ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి చేరుతోంది. కరణం గొలుసుకట్టు రాత చదవగలిగిన రిటైర్డు గుమాస్తా, సమాధిరాయి మీద ఫారసీ చదవగలిగిన మౌల్వీ, ఓడ జాబితా తిరగేయగలిగిన దక్షిణాఫ్రికా టీచరు, ఈ ముగ్గురూ కలిస్తేనే ఒక ఇంటి కథ పూర్తవుతుంది. ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. వీళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. మన తాతల పేర్లు రాసింది కరణాలే కాబట్టి, ఆ రాత చదివి పెట్టేవాళ్లలో వాళ్ల మనవలుండడం న్యాయమే.

ఇదంతా సరదా వ్యవహారం కాదు. 2007లో బి.సి. 'ఇ' చట్టం వచ్చాక, నువ్వు లబ్బీవా, షేకువా, అత్తరు సాయిబువా అని ఆఫీసరు అడుగుతున్నాడు. సయ్యదులు, పఠాన్లు, మొగలులు ఆ జాబితాలో లేరు. గొప్పకోసం పేరు ముందు సయ్యద్ తగిలించుకున్న తాత, మనవడి సీటుకి అడ్డం పడుతున్నాడు. 2025 వక్ఫు సవరణ చట్టం, వాడుక వల్ల వక్ఫు అనే మాటనే తీసేసింది. అప్పటికే నమోదై, వివాదం లేని, ప్రభుత్వానివి కాని ఆస్తులకే మినహాయింపు. పల్లె ఖబరస్తాన్లకి, పీర్ల చావిళ్లకి వాడుక తప్ప ఇంకేం దస్తావేజుంది? ఇంటి చరిత్ర కోసం తీసిన ఇనాం రిజిస్టరు నకలే రేపు ఊరి ఖబరస్తాన్‌ని కాపాడొచ్చు. ముత్తాత సమాధి ఎక్కడుందో చూపించడం ఇవాళ భూమి తగాదా కూడా.

ఒక మాట మాత్రం తేల్చుకోవాలి. ఈ కాగితాలు దేశభక్తి సర్టిఫికెట్లు కావు. వందేళ్ల నాటి దస్తావేజు చూపించినవాడే ఈ ఊరివాడైతే, దస్తావేజు లేని యానాది ఎవరు? పాముల్నీ ఎలుకల్నీ పట్టుకుని తీరమంతా బతికిన యానాదులకన్నా పాతవాళ్లెవరున్నారిక్కడ? పౌరుడి హక్కు రాజ్యాంగం ఇచ్చింది, కరణం లెక్క ఇవ్వలేదు. మనం వెతికేది ఒకరి ముందు చేతులు కట్టుకుని నిరూపించుకోడానికి కాదు. మన పిల్లలకి మనం చెప్పుకోడానికి.

టైము తక్కువుంది. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు ఊరి లెక్కలు చేతులు మారాయి. అందిన పెట్టెలు తాలూకా ఆఫీసులకి పోయాయి, అందనివి అటకల మీద చెదలకి పోయాయి. 1927 తుపాను, 1984 తుపాను, 1989 కావలి తుపాను, 2004 సునామీ, ఒక్కొక్కటీ తీరం మీద తన వంతు తుడిచింది. శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి 1969లో ఎంచుకున్నాక దీవిలో జనం బయటికొచ్చారు, వాళ్ల పాత ఊళ్లు కంచె లోపల ఉండిపోయాయి. ఉప్పుగాలికి సమాధి రాళ్ల మీద అక్షరాలు ఏడాదికింత అరిగిపోతున్నాయి. మసీదు కొత్తగా కట్టేటప్పుడు పాత రాయి పునాదిలోకి పోతోంది.

ముత్తుకూరు నించి కావలి దాకా, తడ నించి కోట దాకా, చదువుకున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఇద్దరైనా ఉన్నారు. ఒక శుక్రవారం నమాజయ్యాక ఖబరస్తాన్‌కి వెళ్లి రాళ్ల ఫొటోలు తియ్యండి. నిఖా పుస్తకం ఏ ఇంట్లో ఉందో కనుక్కోండి. మీ మండలంలో మీ ఊరి ఇనాం రిజిస్టరు నకలుకి సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ఇంటికొచ్చాక మీ నానీ పక్కన కూర్చుని ఆమె నానీ పేరు అడగండి. ఆ పేరు చెప్పగానే, తేదీతో సహా, రాసుకోండి.