కొలిమి పూచీ

నల్లగొండ, మహబూబునగరము జిల్లాల మెట్టనేలలలో సేద్యమనునది ఇనుమునకును రాతికిని ఎడతెగక నడచు పోరాటము. చల్కభూమి పైపొర పలుచనిది. దాని క్రింద మొరము, మొరము క్రింద గుండ్లు. తొలకరి పదును చూచి నాగలి కట్టిన రైతు సాయంకాలమునకు కర్రు మొన అరిగి మొద్దుబారుట చూచును; ఒక్కొకప్పుడు మంటిలో దాగిన రాతికి తగిలి కర్రు వంగును, మేడి సడలును, కాడి పగులును. ఇట్టి సీమలో పనిముట్టును చేయుటకన్న చెడిన పనిముట్టును మరల పనికి వచ్చునట్లు చేయుటయే పెద్ద విద్య. ఆ విద్యకు బాధ్యుడెవడు, ఆ బాధ్యతకు ప్రతిఫలమేమి, చెడినదానివలన కలుగు నష్టమునెవరు భరింపవలెను అను ప్రశ్నలకు మన పల్లెలు తరతరములుగా ఒక సమాధానమును ఆచరణలో నిలిపినవి. రాజుల వంశావళులకు మారుగా ప్రజల బ్రతుకునే చరిత్రగా గ్రహించి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ పాలమూరు గడ్డవారే; కొలిమి కథ చెప్పబూనుటకు అంతకన్న మించిన అనుజ్ఞ నాకక్కరలేదు.

ఆ సమాధానము పేరు ఆయము. ఊరి కమ్మరి గాని, మనవైపు వడ్లవాడని పిలువబడు వడ్రంగి గాని, పని పనికిని వెల పుచ్చుకొనెడివారు కారు. పంట నూర్చి రాసి పోసిన వేళ, ధాన్యము ఇల్లు చేరకముందే, నాగలికింతయని ఏర్పడిన మేరను కల్లములోనే కొలిపించుకొని పోయెడివారు. కొన్ని ఊళ్ళలో దీనికి తోడు బలూత ఇనాము పేర కొంత భూమియు వారి అనుభవములో నుండెడిది. ఇనుము రైతుది, పని కమ్మరిది. ఏడాది పొడుగున కర్రును ఎన్నిమారులు కాచి చరచినను, కొడవలికి ఎన్నిమారులు కక్కు పెట్టినను, గొడ్డలిని ఎన్నిమారులు సాగగొట్టినను ఆ మేర పెరుగదు. క్రొత్త బండి, ఇంటి ద్వారబంధము వంటి పెద్ద పనులకు మాత్రము వేరు కూలి. హైదరాబాదు చెంతనున్న షామీర్‌పేటను పరిశీలించి ఎస్. సి. దూబే 1955లో ప్రకటించిన గ్రంథమున వృత్తులవారికిని రైతులకును నడుమనున్న ఈ పరస్పర సేవావ్యవస్థ వర్ణింపబడినది. అది ఆ యొక్క ఊరి విశేషము కాదు, తెలంగాణ మెట్టలన్నిటికి సామాన్యమైన ధర్మమే.

ఇందలి సూక్ష్మము తగినంతగా గమనింపబడలేదని నా అభిప్రాయము. ప్రతిఫలము పనికి కాక ఏడాదికి నిర్ణయమైనప్పుడు, చెడుపని చేసిన కమ్మరి తన్ను తానే శిక్షించుకొనును. పదును సరిగా పట్టని కర్రు మూడవనాడు మరల కొలిమికి వచ్చును. తిత్తి యూదుట, సమ్మెట వేయుట మరల మొదటికి వచ్చును. రావలసిన గింజలు మాత్రము మునుపటివే. కావున గట్టిగా చేయుటయే వానికి లాభము. మోటబావి గిలకకు ఇరుసు అమర్చిన వడ్లవాని స్థితియు నిట్టిదే: గిలక విరిగిననాడు మడి యెండును, మడి యెండిన రాసి తరుగును, రాసి తరిగిన వాని మేరకును లోపము వచ్చును. చేసినవాని అన్నము చేసిన వస్తువు మన్నికకు ముడివడి యుండెను. ఈ ముడి ఊరి పొలిమేరతో ఆగలేదు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫు 1943లో వెలువరించిన గ్రంథమునకు వస్తువైన అమ్రాబాదు పీఠభూమి చెంచులు ఇనుపపని ఎరుగరు. తవ్వుకోల మొనకును, గొడ్డలికిని, బాణపు ములికికిని వారికి మైదానపు కొలిమియే దిక్కు.

ఇదే న్యాయము సముద్రముల కావల, మనమూహింపని యొక వృత్తిలో కానవచ్చును. అమెరికాలో వేటగాండ్రును, గురిపందెములవారును, పేలిన తూటాల ఇత్తడి గొట్టములను పారవేయక, బల్లకు బిగించిన చేతియంత్రముతో వానిని మరల అచ్చునకు తెచ్చి, క్రొత్త మందును క్రొత్త గుండును అమర్చి వాడుకొందురు. 1943లో, యుద్ధకాలమున మంచి గుండ్లు దొరకని కరవులో, కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణమున ఫ్రెడ్ హంటింగ్టన్ తన తండ్రి బట్టలుతుకు దుకాణము వెనుక గదిలో ఆరంభించిన ఆర్.సి.బి.ఎస్. సంస్థ ఇట్టి యంత్రములకు ప్రసిద్ధి. ఇనుప చట్రము, అందు మీదికిని క్రిందికిని ఆడు ఉక్కు కడ్డీ, దానిని నడపు మీట, రెంటిని కలుపు కీళ్ళు: యంత్రమంతయు నింతే. మీటపై మనుష్యుడు వేయు బలము కీళ్ళవద్ద పలురెట్లగును గనుక, గొట్టము అచ్చులో చిక్కుకొన్నప్పుడు మొండిపట్టు పట్టినచో కీలో, చీలయో, ఒక్కొకప్పుడు చట్రమో విరుగును. అట్లు విరిగిన భాగమును, కొని ఎన్నియేండ్లు గడచినను, వెల లేకయే పంపుట ఆ రంగములో పేరున్న కొన్ని సంస్థలు పాటించు ఆచారము. ఇది దానము కాదు. ఆ పూచీ విలువ యంత్రము వెలలో ముందే చేరియున్నది. మన కమ్మరి తన భాగమును పంట చివర పుచ్చుకొనెను, వారు మొదటనే పుచ్చుకొందురు. విరిగినదాని భారము తన మీదికే వచ్చునని తెలిసిన వాడు గట్టిగా చేయుననుట రెండుచోట్లను ఒక్కటే.

మనదేశమున 1959 ఆయుధచట్టము తూటాలు చేయు యంత్రమును సైతము మందుగుండు అను నిర్వచనములోనే చేర్చినది. తుపాకిని బాగుచేయుటయు లైసెన్సు గలవానికే చెల్లును. కావున నల్లగొండలో అట్టి యంత్రము విరిగిన కథ వెదకి ప్రయోజనము లేదు. వెదకదగినది బర్మారు కథ.

నిజాము అలీఖాను కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 1795 ప్రాంతమున హైదరాబాదులో ఫిరంగులు పోయించిన తావు నేటికిని గన్‌ఫౌండ్రీ యనియే పిలువబడుచున్నది. ప్రభువులకు కార్ఖానా యుండెను. పల్లెకు కొలిమి యుండెను. పల్లె తుపాకియైన బర్మారు గొట్టము నోటినుండియే మందు పోసి, గుడ్డపీలిక దూర్చి, గుండ్లు వేసి, గజముతో దట్టించి పేల్చునది. దానిలో చెడునవి కొన్నియే: గుర్రమును కొట్టించు కమాను బలము తప్పును, నిప్పు అందించు రంధ్రము కాలి పెద్దదగును, కర్రపిడి పగులును. మొదటి రెండును కమ్మరి పని, మూడవది వడ్లవాని పని. నాగలిని నిలిపిన చేతులకు ఇది యెరుగని విద్య కాదు.

నాటి నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకా కడివెండిలో 1946 జూలై 4వ తేదీన విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య కూలిననాడు ప్రజలచేత నుండినవి కర్రలు, వడిసెలలు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లు నిజాము పాలనపై సాయుధపోరాటమునకు పిలుపిచ్చిన పిమ్మట, దొరల గడీలనుండి స్వాధీనమైన బర్మార్లు దళములకు తొలి ఆయుధములైనవి. బైరానుపల్లి బురుజునెక్కి నాటుతుపాకులతో రజాకార్లను ఎదిర్చిన గ్రామస్థులు 1948 ఆగస్టు 27న పెక్కుమంది హతులైరి. తూటా తుపాకి దూరము కొట్టును, వడిగా కొట్టును. కాని తూటా కార్ఖానాలో పుట్టవలసినదే, శత్రువునుండి గుంజుకొనవలసినదే, అది లేనినాడు ఆ మేలిమి తుపాకి వట్టి గొట్టము. బర్మారు మోటుదైనను ఊరు దానిని పోషింపగలదు. 1951 అక్టోబరు 21న విరమింపబడు వరకు సాగిన ఆ పోరాటమును తలచునపుడు వీరుల పేరులు మనకు వినవచ్చును. ఆయుధము మరల పనిచేయుటకు వలసిన కొలిమి పేరు వినరాదు. ఇది నాకు మనస్తాపము కలిగించు విషయము.

ఆయమును నేనింతగా ప్రశంసించితినని దాని చీకటిని దాచుట న్యాయము కాదు. రైతు మేర కొలిచెను, గడీ కొలువలేదు. దొర నాగళ్ళు, దొర బండ్లు, దొర మోటలు వెట్టిక్రింద బాగుపడవలెను. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రకటించిన తెలంగాణ పోరాట గ్రంథము ఏయే వృత్తివారు ఏయే పనిని ఊరక చేయవలసివచ్చెనో పేర్కొనుచు, కమ్మరులను వడ్రంగులను అందు చేర్చినది. ఊరిలో ఎక్కువ పనిముట్లు గలవాడే ఏమియు నీయనివాడు. ఆ బరువు తుదకు పేదరైతు కొలిచిన గింజలమీదనే పడెను. గడీ పని ముగిసినదాక రైతు కర్రు కొలిమిప్రక్క నెదురుచూచుచుండెను. పదును మాత్రము ఎదురుచూడదు. ‘కాదు’ అనగల స్వేచ్ఛ లేనివాడు ఇచ్చు పూచీని పూచీ యనుటకు నా మనస్సొప్పదు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ చందాను ఆణాకు దించి పల్లెజనమునకు తలుపులు తెరచినపుడు, ఆ తలుపులలో ప్రవేశించినవారిలో కొలిమివారును ఉండుట ఈ కారణమున సహజమే.

కరవు ఈ ముడిని మరియొకవైపు నుండి విప్పినది. వానలేని యేట పాలమూరు కల్లములో రాసి లేదు, రాసి లేనిచోట మేర లేదు. పారలు, గడ్డపారలు భుజాన వేసికొని కుటుంబములకు కుటుంబములే దేశమందలి ఆనకట్టల పనులకు తరలిపోయినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నల్లగొండ జిల్లా నందికొండవద్ద శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము రాతి కట్టడము. రాయి చెక్కు ఉలికి, తవ్వు గడ్డపారకు సేద్యపు కర్రుకన్న ఎక్కువగా కొలిమి కావలెను. కాని పనిస్థలమున ఆయము లేదు, కల్లము లేదు, రొక్కమున్నచోటనే పదును.

తరువాత మోటలస్థానమున ఆయిలు ఇంజన్లు, విద్యుత్తు మోటార్లు వచ్చినవి. పూచీ కాగితముమీది అచ్చు అయ్యెను, దానికి గడువు ఏర్పడెను, దానిని చూపింపవలసిన చోటు పట్టణమునకు మారెను. 1986 వినియోగదారుల చట్టము ఆ కాగితమునకు న్యాయస్థానబలము చేకూర్చుట గొప్ప మేలు. గడీ నెదిర్చి అడుగజాలని కమ్మరికి అట్టి బలము ఆనాడు లేకపోయెను.

నేడు దేవరకొండ, సూర్యాపేట, నాగరుకర్నూలు దారులలో ట్రాక్టరు నాగలి పండ్లను అతుకు వెల్డింగు దుకాణములున్నవి. అచట అతుకు అతుకునకు వెల. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ఆరంభించిన విశ్వకర్మ పథకము పదునెనిమిది వృత్తులను గుర్తించి, అందు వడ్రంగిని, కమ్మరిని, ఆయుధములు చేయువానిని వేర్వేరుగా లెక్కించినది. పనిముట్లు కొనుటకు ఒక్కొక్కరికి 15,000 రూపాయల వరకు సహాయమిచ్చుచున్నది. ఊరందరికి పనిముట్లు చేసి యిచ్చిన యింటికి పనిముట్లు కొనుటకు ద్రవ్యము పంపవలసిన కాలము వచ్చెననుట దుఃఖకరమే. అయినను, ఇంతకాలము గింజలలోను, వెట్టిలోను మాత్రమే లెక్కకు వచ్చిన వృత్తి ఇప్పుడు తన పేరుతో ప్రభుత్వపు దస్తరములోనికి వచ్చినందులకు నేను సంతసించుచున్నాను.