చూడని మృగానికి రెండో కొమ్ము

ఖడ్గమృగాన్ని ఒక్కసారైనా కంటితో చూడకుండా దాని బొమ్మ వేసి, లోకాన్ని నమ్మించిన మహానుభావుడొకడున్నాడు. పేరు ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్. ఊరు జర్మనీలోని న్యూరెంబర్గ్.

1515 మే నెలలో మన గుజరాతు సుల్తాను కానుకగా ఇచ్చిన ఖడ్గమృగం ఒకటి ఓడెక్కి వెళ్లి లిస్బన్ రేవులో దిగింది. రోమనుల కాలం తర్వాత ఐరోపా వాళ్లు అలాంటి జంతువును చూసి ఎరగరు. చూసినవారెవరో ఉత్తరం రాసి, గీతల బొమ్మ ఒకటి జతచేసి న్యూరెంబర్గ్ పంపారు. డ్యూరర్ దగ్గరున్న సరంజామా అంతే.

అతని చెక్క అచ్చు బొమ్మ చూడండి. ఒంటికి కవచం తొడిగినట్టు పలకలు, కాళ్లకి పొలుసులు, మెడ వెనక వీపు మీద మెలికలు తిరిగిన మరో బుల్లి కొమ్ము! భారతదేశపు ఖడ్గమృగానికి ఉండేది ఒకటే కొమ్ము, అదీ ముక్కు మీద. బొమ్మ పైన అచ్చయిన వివరంలో ఆ జంతువు మచ్చల తాబేలు రంగులో ఉంటుందనీ, ఒళ్లంతా దళసరి పెంకులుంటాయనీ ఉంది. తాబేలన్నాక పెంకులు వేయకుండా ఎలా ఊరుకుంటాడు, పాపం! అన్నట్టు, అందులో సంవత్సరం కూడా 1513 అని తప్పే పడింది.

అసలు మృగాన్ని పోర్చుగల్ రాజు మాన్యుయెల్ పోపుగారికి పంపబోతే, 1516లో ఇటలీ తీరాన ఓడ మునిగి అదీ పోయింది. బొమ్మ మాత్రం రెండు వందల ఏళ్లకు పైగా చెల్లుబాటయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా అమ్మానాన్నల ఫొటో మీద నాలుగు మాటలు రాసిపెట్టమని కృత్రిమ మేధ చాట్ సహాయకుణ్ణి అడిగాను. బద్ధకించి ఫొటో ఎక్కించలేదు. "పాతకాలపు పెళ్లి ఫొటో" అని మాత్రం రాశాను. ఇంకేం! పందిరి వేసింది, సన్నాయి మోగించింది, అమ్మ కుడిచేతిలో పూలదండ పెట్టింది. ఒళ్లు మండింది గానీ, ఉత్తరం రాసింది నేనేగా! అది అసలు పెళ్లి ఫొటోయే కాదు. పెళ్లయిన ఏడాదికి తీయించుకున్నది.

ఫొటో ముందు పెట్టుకుని మళ్లీ రాశాను. ఒకటే కుర్చీ. అందులో నాన్న. పక్కన నిలబడి అమ్మ, ఎడమచెయ్యి కుర్చీ వీపు మీద. వెనక గోడ గడియారం, ముళ్లు కనబడవు. కుడిచెయ్యి ఫొటో అంచు దగ్గర తెగిపోయింది, అందులో ఏముందో తెలియదు.

ఈసారి అమ్మ చేతిలో అది ఏమీ పెట్టలేదు.