సముద్రము లేని ఊరిలో స్మృతివనము

కోలారు జిల్లాలో పుట్టి పెరిగినవారిలో సముద్రమును ఒక్కమారైనను చూడకయే కన్నుమూసినవారు పూర్వము పెక్కుమంది. అయినను ఈ నేలపై కురిసిన వాన సముద్రమును చేరక మానదు. నందికొండలలో పుట్టిన దక్షిణ పినాకిని మా మాలూరు తాలూకాను తాకి, హొసూరు వైపు దిగి, కడలూరు దగ్గర బంగాళాఖాతమున కలియుచున్నది. పాలారు బేతమంగళము చెరువును నింపి, వేలూరు మీదుగా ఆ సముద్రమునకే పోవుచున్నది. ఈ రెండు నదుల నడిమి సీమలో బ్రదుకు గడువని కాలము వచ్చినప్పుడు మనుష్యులును ఆ దారినే పట్టిరి. వారిలో తిరిగి రానివారిని గూర్చియు, వారికై మా ఊరు చేయదగిన ఒక పనిని గూర్చియు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1864లో జోలారుపేట నుండి బెంగుళూరు దండు వరకు ఇనుపదారి పడినప్పుడు మాలూరునకు రైలు వచ్చినది. పండ్రెండేండ్లు తిరుగునప్పటికి ధాత కరవు ముంచుకొని వచ్చినది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ క్షామమున మైసూరు సంస్థానమందే సుమారు 10 లక్షల ప్రజలు నశించిరనియు, సంస్థానమున మిక్కిలి చెడిన జిల్లాలలో కోలారు ఒకటియనియు చరిత్ర చెప్పుచున్నది. చెరువులెండి, పశువులు పోయి, విత్తనపు గింజలు సైతము తినివేసిన కుటుంబములకు మరునాటి ఆశ ఎక్కడిది? మా తూర్పు సరిహద్దున నున్న పలమనేరు, పుంగనూరు ప్రాంతములు అప్పటికి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో గదా. ఆ సరిహద్దు పల్లెలనుండి బయలుదేరినవారిలో పడమటికి తిరిగినవారు, 1880లో జాన్ టెయిలరు కంపెనీవారు పని మొదలిడిన కోలారు బంగారు గనులలో దిగిరి. తూర్పునకు తిరిగినవారు మద్రాసు రేవున ఓడ ఎక్కిరి. ఒక్క పల్లె బిడ్డలే, ఒక్క ఆకలి తరుమగా, కొందరు ఛాంపియన్ రీఫ్ గనిలో భూమి క్రిందికి, కొందరు సముద్రము మీదికి పోయిరనుట మా సీమ చరిత్రలో తగినంతగా చెప్పబడని సంగతి.

మద్రాసు నుండి దక్షిణాఫ్రికాలోని నెటాలునకు మొదటి కూలీ ఓడ 'ట్రూరో' 1860లో పోయినది. ఫిజీ దీవులకు కూలీలను కొనిపోవుట 1879లో కలకత్తా నుండి ఆరంభమైనను, మద్రాసు ఓడలు 1903 నుండియే పోయినవి. 1916లో ఆ పద్ధతి ఆగువరకు ఫిజీకి చేరిన 60 వేలకు పైబడిన జనులలో ఇంచుమించు నాలుగవ వంతు దక్షిణాదివారు. వారిలో ఉత్తర ఆర్కాటువారు మెండుగా నుండిరి. దారిలో వ్యాధి సోకి మరణించినవారి శరీరములను ఓడవారు సముద్రమునకే అప్పగించిరి. వారికి సమాధి లేదు, చితి లేదు, పిండము పెట్టుటకు తిథియైనను ఇంటివారికి తెలియదు.

ఫిజీ వలస చరిత్రలో మిక్కిలి ఘోరమైన ఓడ ప్రమాదము 'సిరియా' ఓడది. నౌర్సు కంపెనీవారి ఈ తెరచాప ఓడ 1884 మార్చి 13న కలకత్తా విడిచి, ఇంచుమించు 500 మందిని మోసికొని, గమ్యము కనుచూపు మేరకు వచ్చిన పిదప, మే 11వ తేది రాత్రి రేవా నది ముఖమునకు సమీపముననున్న నాసిలై పగడపు దిబ్బపై కొట్టుకొని పగిలినది. రెండు నెలల ప్రయాణము ముగియు వేళ, నేల వాసన తగులు చోటున ఆ విపత్తు కలిగినది. సహాయము చేరుటకు మరునాటి వరకు ఆలస్యమైనది. పడవలతో వచ్చిన విలియం మెక్‌గ్రెగర్ అను వైద్యాధికారి, అలలు విరుచుకొని పడుచుండగా విరిగిన తెరకొయ్య మీదుగా ప్రాకుచు, ఒకనిని వీపున మోసి, ఒక స్త్రీ బట్టను పండ్లతో కరచి పట్టి ఈవలకు తెచ్చెనని నాటి లేఖలు వర్ణించినవి. అయినను 56 మంది కూలీలు, ముగ్గురు లస్కరులు జలసమాధియైరి. వారు గంగాతీరపు పల్లెలవారే గాని మావారు కారు; పందొమ్మిదేండ్ల తరువాత మావారు పోయినదియు ఆ సముద్రము మీదుగనే. నౌసోరి పట్టణమున రేవా వంతెన చివర నేడు 'సిరియా' స్మారకము నిలిచియున్నది. అక్కడి తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును స్థాపించుకొని, బడులు నడుపుచు, తమ పెద్దలు దాటి వచ్చిన సముద్రమును మరువక యున్నారు.

ఇట్టిదే మరియొకటి చెప్పవలెను. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియావారి 'కనిష్క' విమానము బాంబు పేలి ఐర్లండు తీరమునకు ఆవల సముద్రమున కూలగా, 329 మందిలో ఒక్కరును మిగులలేదు. సగముమందికి పైగా శరీరములైనను దొరకలేదు. ఆ తీరమందలి అహాకిస్టా అను చిన్న పల్లెలో మరుసటి యేటికే, కార్కు నగర శిల్పి కెన్ థాంప్సన్ చెక్కిన నీడగడియారముతో ఒక తోట వెలసినది. ప్రతి సంవత్సరము ఆ దినమున, ప్రమాదము జరిగిన ఉదయము 8 గంటల 13 నిమిషములకు, మృతుల బంధువులును ఆ పల్లెవారును అక్కడ కలిసి నిలుతురు. తమవారు కాని వారికై, తమ భాష ఎరుగని వారికై, అలలు తెచ్చి తమ వాకిట నుంచిన దుఃఖమును తమ దుఃఖముగా గైకొన్న ఆ పల్లెవారికి చేతులెత్తి మ్రొక్కవలెను.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు నాకొక కొరత స్పష్టముగా కానవచ్చుచున్నది. మృతులు చేరిన తీరమున, లేక చేరబోయిన తీరమున, స్మృతిచిహ్నములున్నవి. వారు బయలుదేరిన ఊళ్ళలో లేవు. ఓడ మునిగిన తావును చూపు రాయి ఉన్నది గాని, ఓడ ఎక్కించిన ఆకలిని చూపు చెట్టు లేదు. గుర్తుంచుకొను భారమును పరాయి తీరములవారికి విడిచి మనము ఊరకుండుట న్యాయము కాదని నా దృఢమైన నమ్మకము. ఇనుపదారి పోవు మా మాలూరే అట్టి తోటకు తగిన చోటు. మల్లికాపురమని పూర్వులు పిలిచిరని చెప్పుకొను ఊరికి తోట పెంచుట క్రొత్త విద్య కాదు.

ఆ తోటలో ఏ చెట్లు నాటవలెనను విషయమున నాకు గట్టి అభిప్రాయములున్నవి. నీలగిరి చెట్టు ఒక్కటియైనను కూడదు. మా జిల్లా నేలతేమను అది పీల్చివేసినంత చాలును. ముందుగా నాటవలసినది పొన్న. దట్టమైన ఆకుపచ్చతో నిగనిగలాడు ఆకు, దానిపై దువ్వెనతో దువ్వినట్లు ఒక్క తీరున సాగు సన్నని ఈనెలు, తెల్లని రేకుల నడుమ పసిడి కేసరముల గుత్తి, గోలీ వంటి గుండ్రని కాయ: పొన్నను ఒకసారి చేతబట్టి చూచినవారు మరచిపోరు. దాని గింజనూనెతో మన పెద్దలు దీపము పెట్టిరి. సహజముగ ఇది సముద్రతీరపు వృక్షము. ఫిజీ తీరములందును పెరుగును, అక్కడివారు దీనిని దిలో అందురు, దాని నూనెను కీళ్ళనొప్పులకు రాతురు. మద్రాసు ఒడ్డున చూచిన చెట్టే దిగిన ఒడ్డునను కనబడినప్పుడు, ఒక ముసలితల్లికైనను ప్రాణము కొంత కుదుటపడి యుండునని తలచుచున్నాను. పొన్నల నడుమ వేప, కానుగ, పొగడ; అంచుల వెంబడి మల్లె.

పేర్లను చెక్కుటకు పాలరాయి తెప్పింపనక్కరలేదు. మా ఊరి పేరు దూరదేశములకు తెలిసినది పెంకులవలన, ఇటుకలవలన. చెరువు మట్టిని తొక్కి, అచ్చులో నొక్కి, పచ్చిగా నున్నప్పుడే పేరు వ్రాసి, నీడన ఆరవేసి, ఆవములో కాల్చిన మంటిపలక తరతరములు నిలుచును. పేర్లు ఎక్కడివందురా? ఫిజీకి పోయిన ప్రతి కూలీకిని ఒక్కొక్క వలస పత్రము వ్రాయబడినది. అందు పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ సైతము కలవు. ఆ పత్రములు ఫిజీ ప్రభుత్వ దస్తావేజుల భాండాగారమున భద్రముగా నున్నవి. వానినుండి మా సరిహద్దు పల్లెలవారి పేర్లను ఏరి, తండ్రి పేరును ఊరి పేరును చేర్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పలక వేయింపవచ్చును. 'సిరియా'లో మరణించిన వారికి వేరుగా ఒక వరుస ఉండవలెను. గనులలో రాళ్ళు పగిలి మీదపడి మరణించిన వారికిని ఈ తోటలోనే చోటీయవలెనని కొందరు మిత్రులు కోరుచున్నారు. వారి కోరిక ధర్మమైనదే. అయినను 2001లో మూతపడిన ఆ గనుల వాకిటనే వారికి ప్రత్యేకముగా ఒక వనము వెలయవలెనని నా మనవి.

స్మరణ దినముగా మే 11 తగినదే గాని, మా సీమలో అది మండువేసవి. ఆనాడు నాటిన మొక్క బ్రదుకదు. కనుక గుంటలు మేలో త్రవ్వి, చెరువు ఒండ్రు నింపి యుంచి, ఆషాఢపు జల్లులు పడిన వెంటనే నాటవలెను. మొదటి మూడేండ్ల వేసవులలో నీరు పోయు బాధ్యతను బడిపిల్లలకు ఒప్పగింతమన్న సెలవులలో బడి ఉండదు. అందుచేత స్టేషను వీధివారు ఇంటికొక వంతు చొప్పున ఆ పని పంచుకొనవలెను.